సింహం జెండాకు చిరుగు

పరుశురాంకు అసూయ కొత్తేమీ కాదు. పక్క సందులోవాళ్ళు ఫ్రిజ్ కొన్నా అతనికి కన్ను కుట్టేది. అయితే కట్టుకున్న పెళ్ళాన్ని చూసి కుళ్ళుకునే రోజొకటి వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

పరాయి రాష్ట్రంలో, మగ్గాల పేట ఉధ్నాలో రెండు గదుల అద్దె ఇల్లు వాళ్ళది. తండ్రి మొండయ్య సిరిసిల్ల నుంచి వచ్చి మగ్గాల మీదే బతుకు వెళ్ళదీశాడు. పరుశురాం పక్కనే ఖటోదరాలో చీరల ప్రింటింగ్ మిల్లులో డిజైన్లు దిద్దే పనిలో కుదురుకున్నాడు. పువ్వు రేకు అంచు చెరిగితే సన్న కుంచెతో సరిచేయాలి. ఆ చెయ్యి చూసే మిల్లు యజమాని కొడుకు కేతన్‌భాయి ఒకనాడు అతని ముందు బొటనవేలంత సీసపు సిపాయిని పెట్టి, "ఇస్‌మే జరా రంగ్ భర్ దో" అన్నాడు.

కేతన్‌భాయికి యుద్ధాల ఆట పిచ్చి. పెద్ద బల్ల మీద గుట్టలూ చెట్లూ పరిచి, ఎప్పటివో ఐరోపా రాజుల సైన్యాలను ఎదురెదురుగా నిలబెట్టి, టేపుతో దూరం కొలుస్తూ, పాచికలు వేస్తూ స్నేహితులతో ఆదివారమంతా ఆడతాడు. ఆ సైన్యాలన్నీ పరుశురాం రంగులేసినవే. ఇనుప టోపీ కింద కనుపాప, నడుముపట్టీకి బకిలు, గుర్రం ముక్కుపుటాల్లో ఎరుపు, అన్నీ ఊపిరి బిగబట్టి దిద్దేవాడు. వచ్చినవాళ్ళు "అచ్ఛా హై" అనేసి పాచికలు అందుకునేవారు.

అతను ఆశించింది పెద్దదేమీ కాదు. ఏటా చలికాలంలో కిమ్ అనే ఊరి దగ్గర తన తోటలో కేతన్‌భాయి మేళా పెడతాడు. అహ్మదాబాద్ నుంచీ బరోడా నుంచీ ఆటగాళ్ళు దిగుతారు. అన్నిట్లోకీ అందమైన పనికి కప్పిచ్చి, చేసినవాళ్ళ పేరు మైకులో పిలుస్తారు. ఆ పేరు ఒక్కసారి తనదైతే చాలనుకున్నాడు.

సిపాయిలు సరే, జెండాలే అతనికి చేతకాలేదు. ఒక్కో రాజుకు ఒక్కో గుర్తు. కాగితం మీద గుర్తు బాగానే గీసేవాడు, కర్రకు అంటించేసరికి అట్టముక్కలా నిలబడేది. భార్య భాగ్యలక్ష్మి ఇంట్లో కూర్చుని దుకాణాల చీరలు మడతపెట్టే పని చేస్తుంది. మొగుడి తంటాలు చూసి చూసి ఓ రోజు విసిగిపోయింది.

"గట్ల బిగుసుకపోతే అది జెండా ఎట్లయితదయ్యా? జర ఇటియ్యి," అని లాక్కుంది.

జిగురు ఆరకముందే కాగితాన్ని పెన్సిలు చుట్టూ వంచి అలలు తేల్చింది. మడత లోపల ముదురు రంగు, పైకి లేచినచోట లేత రంగు వేసింది. వెనక కాళ్ళ మీద లేచిన పసుపు సింహం ఎర్రటి జెండాలో గాలికి ఊగినట్టే ఉంది. ఆ రోజు పరుశురాం నిజంగానే సంతోషించాడు. పాపం, ముందేం రాబోతోందో తెలియదు కదా!

ఆ ఆదివారం నుంచి బల్ల దగ్గరికి ఎవరొచ్చినా మొదట జెండాలే కనబడ్డాయి. "క్యా బాత్ హై భాభీ!" అని కేతన్‌భాయి ఇంటికి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. తను కళ్ళు పోగొట్టుకుని దిద్దిన కనుపాపలను ఇన్నేళ్ళలో ఒక్కడూ వంగి చూడలేదు. ఈవిడ నిన్నగాక మొన్న జిగురు ముట్టుకుంది! ఆమె విర్రవీగితే పోట్లాటకైనా వీలుండేది. ఆమె ఫోన్ పెట్టేసి చీరలు మడతపెట్టుకుంటూ కూర్చుంది.

ఈసారి మేళాకు గుర్రమెక్కిన రాజు జెండా తనే చేస్తానని పరుశురాం పంతం పట్టాడు. కాగితంతో కాదు, అసలు సిసలు పట్టుతో. నేతోడి కొడుకుకు గుడ్డ సంగతి ఒకరు చెప్పాలా? మిల్లులో దొరికిన అతి పల్చటి పట్టుముక్క మీద సింహాన్ని గీసి, కర్రకు కట్టి, రాజు చేతికిచ్చాడు.

ఎంత సన్నని దారమైనా అంత చిన్న బొమ్మ పక్కన మోకులా కనబడుతుందని అతనికి తట్టనే లేదు. వేలెడు గుడ్డకు బరువెక్కడిది? కిందికి వాలనంది, అలలు తిరగనంది. రాజుగారు గోనెసంచి ఎండేస్తున్నట్టుంది.

"గుడ్డకన్నా కాయితమే గుడ్డలెక్క కనవడ్తున్నది గదా," అంది భాగ్యలక్ష్మి. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. పరుశురాం మాత్రం ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచాడు.

చివరికి రాజు చేతిలో ఆమె జెండానే నిలిచింది. మేళా ముందురోజు ఆమె కూరగాయలకు వెళ్ళింది. పరుశురాం జెండా ముందు కూర్చుని ఏదైనా వంక దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు. రెండు వేళ్ళతో కొస పట్టుకుని లాగాడు. సర్రున చిరిగింది. సిగ్గుకంటే ముందు హాయి కలిగింది. సిగ్గు తర్వాత తీరిగ్గా వచ్చింది.

"గిదేంది?" అంది ఆమె సంచి దించుతూ.

"ఫ్యాన్ గాలికి కింద వడ్డది," అన్నాడు. కరెంటు పొద్దుటి నుంచీ లేదు.

ఆమె ఫ్యాను వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. కుంచె తీసి చిరుగు అంచులకు బురద రంగు అద్దింది. పక్కన ఇంకో చీలిక తనే తీసింది. తన పాపాన్ని కప్పిపుచ్చుతోందనుకుని అతను మరింత మండిపడ్డాడు.

మర్నాడు కిమ్ తోటలో కప్పు ఎవరికో తేల్చే అహ్మదాబాద్ పెద్దాయన ప్రతి బల్లా చూసుకుంటూ వచ్చి రాజు దగ్గర ఆగిపోయాడు. జెండాలు అందరివీ కొత్త పెళ్ళికొడుకుల్లా ఉన్నాయనీ, యుద్ధం చూసిన జెండా ఇదొక్కటేననీ హిందీలో అన్నాడు. కప్పు దీనికేనన్నాడు. ఇలా చింపాలన్న ఆలోచన ఎవరిదని అడిగాడు.

భాగ్యలక్ష్మి కొంగు సర్దుకుని, "మేరే పతి నే ఫాడా," అంది తాపీగా.

కేతన్‌భాయి మైకందుకుని పరుశురాం పేరు పిలిచాడు. తోటంతా చప్పట్లు. అతను వెళ్ళి కప్పు తీసుకుని, తల ఎత్తకుండా వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"నా పేరెందుకు జెప్పినవే?" అన్నాడు పళ్ళ మధ్య.

"అబద్ధమేం జెప్పిన? నువ్వే గదా చింపింది," అంది, ఇంకా చప్పట్లు కొడుతూనే.

ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు. పరుశురాం నవ్వాడు.