పొగలోకి రమ్మన్న కలెక్టరమ్మ

ఎనభైల్లో టీచరుగా నా మొదటి పోస్టింగు దమ్మపేట దాటాక, అడవి అంచున ఉన్న ఒక చిన్న బడిలో. వైరా కాలువల కింద పెరిగిన నాకు అడవి కొత్త.

ఒకరోజు ఏడో తరగతికి అగ్నిపర్వతం పాఠం చెప్పాలి. ఊరికే చదివితే ఏం తెలుస్తుందని, బడి వెనక మద్దిచెట్టు నీడలో మట్టితో నడుమెత్తు కొండ కట్టించి, లోపల ఆకులు వేసి అంటించాను. ఆటలో పిల్లలంతా కొండ కింది ఊరివాళ్లు. ముత్తమ్మ అనే అమ్మాయి కలెక్టరు. ఊరు ఖాళీ చేయించాలో వద్దో ఆమే తేల్చాలి.

పొగ గుప్పున లేచింది. "చెప్పమ్మా కలెక్టరూ, ఏం చేద్దాం?" అన్నాను. ముత్తమ్మ తలెత్తి చెట్టుపైకి చూస్తోంది. నేనూ చూశాను. చేటంత తేనెపట్టు! ఈగలు మబ్బులా కిందికి దిగాయి.

"ఎవ్వరు ఉరకొద్దు! పొగలకు రాండ్రి, జల్దీ!" అని ముత్తమ్మ కేకేసింది. ఇరవై మందీ దగ్గుకుంటూ కొండను చుట్టుకుని కూర్చుని, పచ్చి ఆకులు ఇంకా తోశారు. నేను మాత్రం కొండకు దూరంగా పరుగెత్తాను. ఈగలన్నీ నా వెంటే పడ్డాయి.

మూడు రోజులు దవాఖానాలో ఉన్నాను. చూడటానికి వచ్చిన పిల్లల్లో ఒక్కరినీ ఈగ కుట్టలేదు. "పట్టుందని ముందే చెప్పలేదేమ్మా?" అని వాచిన మూతితో అడిగాను.

"పొగ పెడుతుంటే తేనె తియ్యనీకె అనుకున్నం సార్. మీరు ఉరుకుతరని మాకేం ఎరుక?" అంది ముత్తమ్మ.

వాపు వారంలో తగ్గింది. పరుగెత్తేటప్పుడు పిల్లల్లో ఒక్కరినైనా చెయ్యి పట్టి లాగాలని నాకు తోచలేదన్న సంగతి మాత్రం ఇప్పటికీ నన్ను తలెత్తుకోనివ్వదు.