మట్టికి గడువు పెట్టిన ఊరు

పెదకాకాని క్రైస్తవపేటలో రాజ్యం నోటికి జడవని మనిషి లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి మిరపకాయల తొడిమలు తీసిన మనిషి. గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో ఆమె కూర్చోని గోదాము లేదు. ఆ ఘాటుకు మిగతా ఆడవాళ్లు ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టుకునేవాళ్లు. గుడ్డ కడితే మాట్లాడ్డం కుదరదని రాజ్యం కట్టేది కాదు. అలాంటి మనిషి అరవై దాటాక విమానమెక్కి ఇటలీ దేశం పోయింది. చూడ్డానికి పోయిందని పేటలో అందరూ చెప్పుకున్నారు. చూడ్డానికే పోయింది, కాదనడానికి లేదు. తెచ్చుకోవడానికి పోయింది మాత్రం చెల్లెలు ఫెబా ఎముకల్ని.

ఫెబా అక్కలాంటిది కాదు, నెమ్మదస్తురాలు. పెళ్లి చేసుకోలేదు. బ్రాడీపేటలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ, ఎవరో దారి చూపిస్తే ఇటలీలో ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే పనికి వెళ్లింది. కలాబ్రియా అనే చోట, కొండ మీది ఊళ్లో, మంచం పట్టిన ఒక ముసలావిడకు అన్నీ తానే అయి చేసింది. ఆ ముసలావిడ పోయిన కొన్నాళ్లకే ఫెబా కూడా నిద్రలో గుండె ఆగి పోయింది. శవాన్ని ఇక్కడికి తెప్పించుకునే దారి అప్పట్లో ఎవరికీ తెలియలేదు. వాళ్లే అక్కడ మట్టి చేశారు. తల్లి రెబ్కమ్మ ఆ దిగులుతోనే మంచం పట్టి, పోయే ముందు "దాన్ని తెచ్చి నా పక్కన పెట్టవే" అని పెద్దకూతురి చేత ఒట్టు వేయించుకుంది.

అప్పటి నుంచి సమాధుల దొడ్డిలో తల్లి పక్కన మనిషి పట్టేంత జాగా ఖాళీగా పెట్టుకుని కూర్చుంది రాజ్యం. ఎవరింట్లో చావు జరిగినా ఆ జాగా మీదే కన్ను. పాస్టరు జక్రయ్యగారు కూడా ఒకసారి నసిగి చూశారు. "మీకంత తొందరగా ఉంటే చెప్పండి అయ్యగారూ, అడ్డంగా కాకుండా నిలువునా పెడతా, ఇద్దరికీ సరిపోద్ది" అంది రాజ్యం. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇంతలో ఇటలీ నుంచి నతానియేలు ఫోన్ చేశాడు. వాడిది చిలకలూరిపేట. ఫెబా ఉన్న ఊళ్లోనే హోటలు వంటింట్లో పని. ఫెబాను పిన్నీ అని పిలిచేవాడు, ఆ వరసన రాజ్యం పెద్దమ్మ.

"పెద్దమ్మా, ఇక్కడ పదేళ్లకోసారి సమాధి తవ్వుతారు. మట్టి ఇంకొకళ్లకి కావాలంట. ఎముకలు తీసి సొంతవాళ్ల చేతికిస్తారు. ఎవరూ రాకపోతే అందరివీ కలిపి ఒకే గోతిలో పోస్తారు. పిన్ని వంతు వచ్చింది."

"చచ్చినోళ్లకి కూడా అద్దె కొంపలేనంట్రా?" అంది రాజ్యం. అంది గానీ, ఆ పూట అన్నం ముద్ద దిగలేదు. ఫెబా చాకిరీ చేసిన ముసలావిడ కూతురు కాన్చెత్తా టికెట్టు పంపి రమ్మంది. రాజ్యం వెళ్లింది.

రోములో నతానియేలు ఎదురొచ్చాడు. రైలుకు ఇంకా టైముందని ఊరు చూపించాడు. కొండంత ఎత్తున లేచి సగం కూలిన గుండ్రటి గోడల చుట్టూ జనం బారులు తీరి ఉన్నారు.

"పడిపోయినదాన్ని చూడ్డానికి టిక్కెట్టంట్రా? మా పేటలో గోడ పడితే పంచాయతీవాడు కూడా వచ్చి చూడడు."

"రెండువేల ఏళ్ల కిందటిది పెద్దమ్మా. మనుషుల్ని సింహాలకేసేవాళ్లు."

"పౌలుగారిని చంపిన ఊరు ఇదే గదా? ఇన్నిసార్లు బైబిల్లో రోమా పత్రిక చదివాడు జక్రయ్యగారు, ఇంతెత్తు గోడలున్నాయని ఒక్క ముక్క చెప్పలేదు."

గోడల్ని మాత్రం చాలాసేపు చూసింది. ఇంత పాతవాటిని ఇంత భద్రంగా చూసుకునే దేశం, మనిషికి పదేళ్లకు మించి మట్టి ఇవ్వదా అన్నది ఆమెకు కొరుకుడు పడలేదు.

కలాబ్రియాలో రైలు దిగేసరికి ఎటు చూసినా చామంతులే. అంగళ్ల ముందు కుండీలకు కుండీలు, పసుపువీ తెల్లవీ. నతానియేలు బస్సు కోసం వెళ్లినప్పుడు రాజ్యం ఒక పెద్ద గుత్తి కొంది. ఒకరింటికి మొదటిసారి పోతూ ఒట్టి చేతులతో ఎలా పోతుంది? కాన్చెత్తా తలుపు తీయగానే నవ్వుతూ ఆ గుత్తి చేతిలో పెట్టబోయింది. కాన్చెత్తా రెండడుగులు వెనక్కి వేసి సిలువ గుర్తు వేసుకుంది.

నతానియేలు తల పట్టుకున్నాడు. "పెద్దమ్మా, ఇక్కడ చామంతులు సమాధుల మీద తప్ప ఇంకెక్కడా పెట్టరు! ఇంట్లోకి తెస్తే చావు తెచ్చినట్టే. సమాధుల పండగొస్తోందని అమ్ముతున్నారవి."

"మేం బతికున్నోళ్ల తల్లో పెడతాం. మా పూలల్లో చావు లేదని చెప్పు" అంది రాజ్యం తల ఎత్తే. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. గుత్తిని బయట మెట్ల మీద పెట్టి లోపలికొచ్చింది.

ఆ ఊరి ఇళ్లకు కిటికీ కిటికీకీ ఎండుమిరప దండలు వేలాడుతున్నాయి. రాజ్యానికి ప్రాణం లేచొచ్చింది. ఒక కాయ తుంచి నమిలింది. కాన్చెత్తా కంగారుపడి నీళ్లు తెచ్చింది.

"కారముంది గానీ కోపం లేదు. మా తేజా కాయకి చిన్న మేనల్లుడనుకోవచ్చు" అని తీర్పు చెప్పింది రాజ్యం.

వాళ్ల కాఫీ పిట్టకు పోసినంత, చేదు మాత్రం కషాయమంత. పాస్తా చూసి, "ఇదేం సేమ్యారా, పెళ్లీడుకొచ్చినట్టుంది" అంది. పంది మాంసంలో మిరపకారం దంచి కలిపిన ఎర్రటి ముద్దను రొట్టెకు రాసి పెడితే అడిగి మరీ రెండోసారి వేయించుకుంది. చివర్న కాన్చెత్తా ఒక గిన్నె తెచ్చి ముందు పెట్టి, "చారు" అంది.

టమాటా, వెల్లుల్లి, మిరియాలు. చింతపండు లేక నిమ్మకాయ పిండింది. తన తల్లికి చివరి రోజుల్లో ఇది తప్ప గొంతు దిగేది కాదని, ఫెబా దగ్గర నేర్చుకున్నానని నతానియేలు చేత చెప్పించింది. రాజ్యం గిన్నె ఎత్తి మొత్తం తాగింది. ఉప్పు తక్కువైందని కూడా అనలేదు.

మర్నాడు ఊరి గుడి చూపించారు. తమలా కాకుండా బొమ్మలు పెట్టుకునే క్యాథలిక్కుల గుడి అని రాజ్యం గడప దగ్గరే ఆగబోయింది గానీ లోపలికి వెళ్లక తప్పలేదు. బలిపీఠం కింద అద్దాల పెట్టెలో పట్టుబట్టలు కట్టిన ఒక అస్థిపంజరం పడుకుని ఉంది. ఎవరో పరిశుద్ధుడట, వందల ఏళ్లుగా అక్కడే ఉన్నాడట.

"ఈయనకి గడువు లేదేం?" అంది రాజ్యం.

నతానియేలు ఆ మాటను కాన్చెత్తాకు చెప్పలేదు.

సమాధుల పండుగ రోజు ఊరంతా దొడ్డికి కదిలింది. రాళ్లు కడిగారు, కొవ్వొత్తులు పెట్టారు, పిల్లలకు మిఠాయిలు పంచారు. మన దగ్గర సమాధులకు సున్నం వేసి చేసేదే ఇక్కడ చామంతులతో చేస్తున్నారు. దొడ్డి చుట్టూ మనిషికి మూడింతల ఎత్తు గోడ, గోడ నిండా పావురాళ్ల గూళ్లలాంటి గూళ్లు, గూటికో పేరు, పేరుకో ఫొటో. ఎముకలు చివరికి చేరేది అక్కడికే. ఫెబా మాత్రం ఇంకా మట్టిలోనే ఉంది. ఇనుప సిలువ మీద ఆమె ఫొటో ఎండకు వెలిసిపోయి, ముక్కు ఎక్కడుందో తెలియకుండా ఉంది. రాజ్యం కొంగుతో తుడిచింది. "ఇంక రెండ్రోజులే. అమ్మ దగ్గరికి పోదాం" అంది. ఎముకల కోసం కాన్చెత్తా కొన్న రేకుపెట్టె అప్పటికే ఇంట్లో ఉంది. తెల్ల దుప్పటి ముక్క రాజ్యం సంచిలో ఉంది.

పండుగ వెళ్లాక తవ్వారు. పొద్దున్నే సన్నగా వాన. తవ్వేవాడు లావుపాటి మనిషి, మర్యాదగా టోపీ తీసి మొదలుపెట్టాడు. ఆ కొండ మట్టి బంకమట్టి, నీళ్లు పట్టి ఉంచే మట్టి. పెట్టె మూత తగిలింది. మూత లేపాడు. లోపలికి చూసి, గబుక్కున చేత్తో అడ్డం పెట్టి కాన్చెత్తాతో ఏదో అన్నాడు. కాన్చెత్తా ముఖం పాలిపోయింది.

"పెద్దమ్మా, నువ్వు రాకు" అన్నాడు నతానియేలు.

"తప్పుకో."

రాజ్యం చూసింది. ఎముకలు లేవు. మనిషి ఉంది. నల్లబడి, తోలు బిగిసి, చిక్కి, కానీ మనిషే. జడ అలాగే ఉంది, చివర రబ్బరుబ్యాండుతో సహా. చిన్నప్పుడు తను వేసిన జడ లాగే ఎడమ భుజం మీదుగా ముందుకు ఉంది.

నతానియేలు మెల్లగా చెప్పాడు. మట్టి పని పూర్తి కాలేదట. ఇలా ఉన్నవాళ్లను తీసుకుపోనివ్వరట. మళ్లీ పూడ్చి ఐదేళ్లు ఆగాలట. అది ఇక్కడి చట్టమట, ఎవరూ ఏమీ చేయలేరట.

రాజ్యం గొయ్యి గట్టున కూర్చుండిపోయింది. తడి మట్టి చీరకు అంటుకుంటున్నా లేవలేదు.

"ఎముకలు అడగొచ్చానురా. మనిషినే చూపించారు. మనిషిని చూశాక పొమ్మంటున్నారు."

"మళ్లీ వద్దువుగాని పెద్దమ్మా. నేనుంటాగా."

"ఏమొస్తానురా? ఈ మోకాళ్లతో మెట్లెక్కడానికే వాళ్లూ వీళ్లూ పట్టుకోవాల్సొచ్చింది. ఐదేళ్లకి నాకే గొయ్యి ఎవరు తవ్వుతారో చూసుకోవాలి నేను."

కాన్చెత్తా పక్కన వచ్చి కూర్చుంది, ఆమె కోటుకు కూడా మట్టే. ఐదేళ్లయ్యాక ఎముకలు తీయించి ఇండియా పంపుతానంది.

"ఎవరికి పంపుద్దంట? పోస్టులో వస్తే సంతకం పెట్టేదెవరు? పెదకాకానిలో ఫెబా ఎవరంటే చెప్పేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను" అంది రాజ్యం.

నతానియేలు అది చెప్పాడు. కాన్చెత్తా గోడ వైపు చెయ్యి చూపించింది. అక్కడ తమ ఇంటి గూడుందని, తన తల్లి అందులోనే ఉందని, ఇంకొకరికి చోటుందని అంది. ఒప్పుకుంటే ఐదేళ్లయ్యాక ఫెబాను అందులో పెడతానంది.

రాజ్యం గోడ వైపు చూసింది. తల్లికి వేసిన ఒట్టు గుర్తొచ్చింది. ఎన్నేళ్లు ఎంతమందితో పోట్లాడి కాపాడిన జాగా! గొయ్యిలో తవ్వేవాడు చేతిలో పారతో కనిపెట్టుకుని ఉన్నాడు.

"మా చెల్లి వాళ్లింట్లో పనిమనిషిగా ఉంది. చెప్పు ఆమెకి."

"తెలుసు పెద్దమ్మా, ఆవిడకి తెలుసు."

"తెలిస్తే విను. వాళ్లమ్మ కాళ్ల దగ్గర కాదు. పక్కన పెట్టాలి. ఇద్దరి పేర్లూ ఒకటే సైజులో రాయాలి."

నతానియేలు చెప్పాడు. కాన్చెత్తా కళ్లు తుడుచుకుని తలూపింది.

"తలూపడం కాదు. నోటితో అనమను."

కాన్చెత్తా అంది. వాళ్ల భాషలో ఒక్కో మాటా విడివిడిగా, తన రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూపిస్తూ అంది. రాజ్యం ఆ చేతుల్నే చూసింది. తర్వాత సంచిలోని తెల్లగుడ్డ తీసి తవ్వేవాడికి అందించింది. వాడు దాన్ని ఫెబా మీద కప్పి మూత వేశాడు.

"ఇక కానీమనరా" అంది రాజ్యం.