బుడగ రాని దీపం

తెల్ల కారు ఎడమ దీపం మూడోసారి వెనక్కి వచ్చేసరికి దీపాలక్క ఇంకా ఓవెన్ కూడా వెలిగించలేదు. మూతపడ్డ బేకరీ నుంచి తెచ్చుకున్న ఓవెన్ అది. కారు హెడ్‌లైటు అందులో పది నిమిషాలుంటే అద్దానికీ వెనక డొప్పకీ మధ్య ఉన్న నల్లబంక మెత్తబడుతుంది. అప్పుడు సన్నని ఇనప బద్దతో అద్దం ఊడదీసి, లోపల పట్టిన తడి తుడిచి, కొత్త బంక పోసి బిగించాలి. ఈ పని మామగారు కొడుకులిద్దరికీ నేర్పబోతే పెద్దవాడు ఓపిక లేక లారీ ఎక్కాడు, చిన్నవాడు చెయ్యి కాల్చుకుని మానేశాడు. చివరికి అబ్బింది పెద్ద కోడలైన దీపాలక్కకి. ఇరవై రెండేళ్లుగా ఆమె బతుకు ఈ ఓవెన్ ముందే.

చిన్నవాడు, అంటే ఆమె మరిది, అదే గదిలో సగం తీసుకుని కొత్త హెడ్‌లైట్లు అమ్ముతున్నాడు. మధ్యలో ప్లైవుడ్ గోడ. గోడకు ఇటువైపు పాతవి బాగుచేసే వదిన, అటువైపు పాతవి పారెయ్యమనే మరిది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఏం చెప్పుకోవాలన్నా గోడకు చెప్పేవారు, అదీ బేరానికి వచ్చినవాళ్లు వినేలా.

ఆమె బేరాల్లో పెద్దది డ్రైవింగ్ స్కూలు మాస్టారిది. ఆయనకు పదకొండు కార్లు. రెండేళ్ల క్రితం మరిది ఆయన ముందే ఏదో ఎకసెక్కమాడితే అక్క నోరు జారింది. స్కూలు కార్లు తన చెయ్యి దాటి పోయిన రోజున ఈ సగం గది కూడా మరిదికే వదిలేస్తానంది. గది అత్తగారి పేర ఉంది. ఆవిడ అక్కడే కూర్చుని విని, సరే అలాగే కానివ్వండి అంది. మరిది ఆ మాటను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇప్పుడు తెల్ల కారు పీకల మీదికి తెచ్చింది. అద్దం లోపల ఆవిరి పట్టిందని తనిఖీ ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు తిప్పి పంపాడు. రెండోసారి మాస్టారు విసిగిపోయి కుడివైపు దీపం మరిది దగ్గర కొత్తది వేయించారు. మూడోసారి కుడిది నెగ్గింది, ఎడమది పోయింది. ఎడమది అక్క చేతి పని.

"అక్కా, మీ మీద గౌరవం వేరు, ఇన్‌స్పెక్టర్ వేరు. ఎల్లుండి పదింటికి ఆఖరిసారి తీసుకెళ్తా. ఈసారీ తిప్పితే పదకొండు కార్లకీ కొత్తవే వేయించేస్తా" అన్నారు మాస్టారు. కోపంగా అన్నా బాగుండేది. ఆయన జాలిగా అన్నారు.

గోడ అవతలి నుంచి వెంటనే వినిపించింది. "వదినా, గది ఊడ్చి ఇస్తావా, నన్నే ఊడ్చుకోమంటావా?"

"నీ నోరు ఊడ్చుకో ముందు" అంది అక్క.

ఆమెకు అనుమానం మరిది మీదే. తాను లేనప్పుడు వచ్చి బంక గీకుతున్నాడేమోనని దీపాన్ని వేలితో చుట్టూ తడిమి చూసింది. ఎక్కడా గీత లేదు. ఆమె పని తీరు మామగారిది. బిగించిన దీపాన్ని నీళ్లతొట్టిలో ముంచాలి. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ బంక పెట్టాలి. బుడగ రాని దీపమే దీపం అనేవాడు ఆయన. ఇంకో మాట చెప్పకుండానే పోయాడు. ఆ దీపాన్ని మళ్లీ తొట్టిలో ముంచితే ఒక్క బుడగ కూడా లేవలేదు. చీమ దూరే సందు లేదు. మరి ఆవిరి ఎక్కడిది?

అప్పుడు ఆమెకు కుడివైపు దీపం మీద కన్ను పడింది. మాస్టారి చేత అదీ ఊడదీయించి తొట్టిలో ముంచింది. వెనకవైపు చిటికెన వేలంత వంకర రబ్బరు గొట్టంలోంచి గొలుసులా బుడగలు. పైకి తీసేసరికి అద్దం లోపల మసక కూడా పట్టింది.

అక్క ముఖం వెలిగింది. "చూశారా మాస్టారూ, కొత్తదట కొత్తది. జల్లెడ" అంది, గోడకు వినిపించేలా.

మరిది వచ్చాడు. పోట్లాడతాడనుకుంటే పోట్లాడలేదు. మూతి బిగించుకుని పక్కకు చూశాడు. నవ్వు ఆపుకుంటున్నాడు. ఆ నవ్వే అక్కకు నచ్చలేదు. రెండు దీపాలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పాత బ్యాటరీకి తగిలించి వెలిగించింది. అరగంటకు కొత్త దీపంలో మసక అంచుల నుంచి తగ్గుతూ పూర్తిగా పోయింది. ఆమె దీపంలో మాత్రం ఆవిరి కాస్తా చుక్కలై అద్దం లోపలే జారింది.

ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. దీపం వెలిగితే లోపలి గాలి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఊపిరి తీసుకునే దారి మూసేస్తే, తీగ పక్కన బుడగ కూడా రానంత సన్నని సందులోంచో మరెక్కడినుంచో తడిగాలిని పీల్చుకుంటుంది. పీల్చుకున్నది బయటికి పోదు. ఆమె తన దీపాన్ని తిరగేసింది. కొత్త దానికి గొట్టం ఉన్న చోట, తన దానికి నల్లబంక ముద్ద ఉంది. ముద్ద మీద బొటనవేలి ముద్ర. ముద్ర ఆమెదే. కొన్ని దీపాలకు ఆ గొట్టం ఊడిపోయి వస్తే కన్నం మూసింది, ఊడనివాటికి తానే పీకి మూసింది.

ఆమె మరిది కొట్లోకి వెళ్లి అడక్కుండానే ఒక కొత్త పెట్టె విప్పింది. లోపల మడిచిన కాగితం. దాని మీద బొమ్మ: గొట్టానికి వేలు అడ్డం పెట్టినట్టు, ఆ వేలి మీద ఎర్రగా కొట్టివేత.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"కొట్టు పెట్టినప్పటి నుంచి. ఆరేళ్లు."

"నోరు పడిపోయిందా?"

"నువ్వు అడిగావా వదినా? మా నాన్న విద్య అంతా నీకే వచ్చిందని ఊరంతా చెప్పుకుంటివి. అంతదానివి, నీకు నేను చెప్పాలా?" అని, దాచడం ఎందుకనుకున్నాడేమో, "నువ్వు మూసిన ప్రతి కన్నం నాకో బేరం తెచ్చింది" అన్నాడు.

అక్క ఆ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. తన వైపు వచ్చి ఓవెన్ వెలిగించింది. బంక ముద్దను బద్ద మొనతో తవ్వి తీసేసింది. అద్దం విప్పి, లోపలంతా ఆరబెట్టి మళ్లీ బిగించింది. కన్నానికి చెత్తబుట్టలో దొరికిన గొట్టం తొడిగి, నోరు కిందికి తిప్పింది. చివరకు తొట్టిలో ముంచకుండా కారుకు ఎక్కించింది. ఇరవై రెండేళ్లలో ముంచకుండా ఇచ్చిన మొదటి దీపం అదే. ఆ పూట అన్నం తినలేదు.

అనుకున్న రోజున ఇన్‌స్పెక్టర్ పైపు పెట్టి నీళ్లు కొట్టించి, టార్చి వేసి చూసి, ముద్ర వేశాడు. మాస్టారు ఆ మాట చెప్పడానికి వచ్చినప్పుడు అత్తగారు కూడా అక్కడే ఉంది. గది ఉన్నట్టే ఉంటుందిలే అందావిడ, ఎవరి వంకా చూడకుండా. తల్లి మాట పూర్తి కాకముందే మరిది తన వైపు వెళ్లిపోయాడు.

అయినా అక్క కోపం చల్లారలేదు. మామగారి మీదా చల్లారలేదు, తన బొటనవేలి మీదా చల్లారలేదు. పని రాసుకునే నోటుపుస్తకాలు ముందేసుకుని, మరిది తెలిసీ చెప్పని ఈ ఆరేళ్లలో తాను బిగించిన దీపాలన్నీ లెక్కపెట్టింది. మూడు వందల నలభై కార్లు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తప్పు తనదేననీ, వస్తే ఊరికే ఆ కన్నం తెరిచి ఇస్తాననీ చెప్పింది. కొందరు తిట్టారు. ఒకాయన ఎప్పుడో కొత్తవి కొనుక్కున్నానన్నాడు. ఎక్కడ కొన్నాడో ఆమె అడగలేదు.

మొదటి రోజు పద్నాలుగు కార్లు వచ్చాయి. పద్నాలుగింటినీ మరిది కొట్టు గుమ్మానికి అడ్డంగా ఆపించింది.