పెద్దమ్మ నాటిన వాక కంచె

కుప్పంలో కూతురింట్లో పెద్దమ్మ కన్నుమూసిందని ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. మావాళ్లు దాన్ని దుఃఖం అనుకుంటున్నారు. "పెద్దమ్మ చేతుల్లో పెరిగింది కదా, బెంగ పెట్టుకునింది" అని వచ్చినవాళ్లందరికీ అమ్మ చెబుతోంది. బెంగ కాదు, కోపం. అది మా నాన్న మీద.

ఆమె నాన్నకు సొంత వదిన. పుంగనూరు దగ్గర మా చేనూ ఆమె చేనూ పక్కపక్కనే. పెద్దనాన్న పోయాక ఆమె ఒక్కతే గట్టు పొడవునా వాక మొక్కలు నాటి, బిందెలతో నీళ్లు మోసి బతికించింది. గొడ్లు దూరకుండా ముళ్లు, పప్పులోకి పుల్లని వాక్కాయలు.

సెలవుల్లో నన్ను గుట్టకు తీసుకెళ్లి కలివి పండ్లు తినిపించేది. చిన్నవి, నల్లనివి, తియ్యనివి. ఇంటికొచ్చాక నా నాలుక మీద వాక్కాయ ముక్క పెట్టి, నేను మొహం చిట్లిస్తే పడీపడీ నవ్వేది. "అక్కాచెల్లెండ్లు మ్మా ఇవి. అది గుట్టమీద దానంతట అదే మొలుస్తాది. ఇది మనం నాటితేనే ఈడుంటాది."

మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. పాలు, ముళ్లు, తెల్లపూలు ఒకే తీరు. వాక ఆకు పెద్దది, కొన మొద్దు. కాయ లావుగా, గులాబీ రంగు తిరుగుతుంది. కలివికాయ బఠాణీ గింజంత.

నాన్నకూ ఇది తెలుసు. అందుకే తేడా తెలిపే కాయలు ఇంకా పడకముందే, పూత మీదున్నప్పుడు పెద్దమనుషుల్ని పిలిచాడు.

"ఇది కలివి కంపప్పా, ఎవురూ నాటలే. ఇది హద్దెట్లయితాది? అసలు గట్టు వదిన చేన్లోకి ఉండాది."

"నేను నీళ్లు పోసేది నువ్వు సూడలేదా అప్పా?" అంది పెద్దమ్మ.

"కంపకి నీళ్లు పోసేదెవురు వదినా?"

అందరూ నవ్వారు.

"కాయ పడేదాకా ఆగండప్పా. పప్పు చేసి పెడతా, తిని సెప్పండి" అందామె.

ఎవరూ ఆగలేదు. కంచె, దాని అవతల ఆమె నేల ఒక పట్టె, మావైపు కలిసిపోయాయి. ఆమె కుప్పం వెళ్లిపోయింది. ఆమె కూతురు, అక్క, కోర్టులో కేసు వేసింది.

నిన్న నాన్న అమ్మతో అన్నాడు: "వదిన దినం కానీ, జేసీబీ పిలిపించి కంపంతా పీకిస్తా. ఇంక కేసు యాడుంటాది."

ఈ పొద్దున చేనికి వెళ్లాను. కొమ్మలు వంగిపోయేటట్టు కాయలున్నాయి. ఫోటోలు తీసి అక్కకు పంపాను. కంచె పీకకుండా స్టే అడుగుతామని ఆమె లాయరు చెప్పాడు.

"సొంత నాయన మీదనా?" అంది అమ్మ.

ఆయన ఓడిపోవాలి. ఆ నవ్విన వాళ్లందరి ముందూ ఓడిపోవాలి. కోర్టులో సాక్ష్యం నేను చెబుతాను.