బల్ల మీద రెండు వేళ్లు

రోజూ సాయంత్రం అయిదింటికి బ్రష్షుల ఫ్యాక్టరీ ఓనరు చేతులు తుడుచుకుని బల్లల మధ్య తిరిగేవాడు. ఎవరి బల్ల మీద రెండు వేళ్లతో తడితే వాళ్లకు రేపు పని ఉన్నట్టు. ఆర్డర్లు బాగుంటే ఇరవై బల్లలు, లేకపోతే పన్నెండు. ఒకప్పుడు వేరేచోట తనూ అలా తట్టించుకున్నవాడే కాబట్టి, అదొక ఆప్యాయత అనుకునేవాడు. వారం ముందే ఎవరికి పనో రాసివ్వాలట, యూనియన్ వాళ్లను లోపలికి రానివ్వాలట, అలాంటి చట్టం రాబోతోందని పేపర్లో చదివిన రోజు ఆయనకు ముద్ద దిగలేదు. ఫ్యాక్టరీ తెరిచిన నాటి నుంచీ ఉన్న ప్యాకింగ్ అక్క దగ్గర వాపోయాడు.

"ఆర్డరు సంగతి నాకే ముందురోజు తెలుస్తుంది. వారం ముందు ఎక్కణ్ణుంచి చెప్పను అక్కా?"

"ఒక్కరోజుకే నీకు ముద్ద దిగలేదా తమ్ముడూ?" అందామె, అట్టపెట్టెకు టేపు అంటిస్తూ. "పదకొండేళ్లుగా మాకు రోజూ సాయంత్రం అంతే. నువ్వు నా బల్ల తట్టగానే ఊపిరి పీల్చుకుంటాను. ఆ వెంటనే, నువ్వు తట్టని పక్కదాని మొహం చూడలేక తల దించుకుంటాను."

ఆయన ఆమె బల్ల మీద రాలిన పోగుల్ని అరచేత్తో ఊడ్చాడు. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే మర్నాడు తడతావో లేదోనని," నవ్విందామె.

చట్టం ఇంకా రాలేదు. ఆయన మాత్రం శనివారం శనివారం వచ్చే వారం పేర్లు రాసి గోడకు అంటిస్తున్నాడు. అనుకోకుండా పెద్ద ఆర్డరు వచ్చిపడిన రోజున ఆయనా, ఆయన భార్యా కూడా బల్ల ముందు కూర్చుని బ్రష్షులకు కుచ్చులు బిగిస్తారు.