లోపలికి తిప్పిన లౌడ్‌స్పీకరు

“ఆట షురువైతున్నదని మాకెట్ల తెలుస్తది? పాటలే ఇనవడకపాయె!”

“ఇంట్ల గడియారం పెట్టుకోరాదమ్మా! ఊరంతటికి పుక్కట్ల పాటలు వినిపియ్యనీకి నేనేమన్న ధర్మసత్రం పెట్టిన్నా?”

మొదటి గొంతు కిరాణా దుకాణం రత్నమ్మది. రెండోది మా మేనేజరుది. ఇద్దరి మధ్య గేటు పట్టుకుని నిలబడ్డది నేను. లోపల అప్పటికే సగం సినిమా నడిచింది.

పోలీసు చర్య తర్వాత పదేళ్లకు, తాండూరులో ఒక డేరా టాకీసులో ఆడవాళ్ల గేటు దగ్గర నౌకరికి చేరాను. మూడో తరగతి దాటని దానికి అంతకన్నా పెద్ద హోదా ఎవరిస్తారు? పైన మేనేజరు, ఆయన కింద సినిమా వేసే ఆపరేటరు, తర్వాత బుకింగు గుమాస్తా, అందరి కిందా గేట్‌కీపర్లం. టికెట్టు సగం చింపి లోపలికి పంపడం, మీసాలు మొలిచే కొడుకును చంటివాడని దబాయించే తల్లులను ఆపడం నా పని. మా ఇల్లు ఆ జీతం మీదే నడిచేది.

ఆటకు ముందు ఆపరేటరు రికార్డులు వేసేవాడు. డేరా కొసన కట్టిన లౌడ్‌స్పీకరు ఊరంతా వినిపించేది. మేనేజరు దాన్ని సంగీతం అనుకున్నాడు. పాపం, ఆయన ఎన్నడూ పొయ్యి ముట్టించినవాడు కాదు. మొదటి పాటకు ఇళ్లల్లో ఎసరు పెట్టేవారు. ప్రేమ పాటకు కందిపప్పు ఉడికేది. ఏడుపు పాటకు పిల్లలకు అన్నం. చివర దేవుడి పాట పడిందంటే తలుపుకు తాళం. ఏడుపు పాటలో పిల్ల ఎవరి కోసం ఏడుస్తుందో ఎవరికీ పట్టలేదు.

ఊరు ఉత్త పుణ్యానికి వింటున్నదని మేనేజరుకు కడుపుమంట. లౌడ్‌స్పీకరు మూతిని డేరా లోపలికి తిప్పించాడు. పొదుపంటే నాకూ ప్రాణమే. కానీ దీపం ఆర్పి చీకట్లో నూనె ఒలకబోసుకుంటే దాన్ని పొదుపనరు.

రత్నమ్మ తిట్టిపోయాక ఆయన కోపం నా మీదికి మళ్లింది. రేపటినుంచి ఆట మొదలవగానే గేటు మూయాలి, ఎవరొచ్చినా తీయకూడదు, ఒక్కరికి తీసినా నౌకరి ఊడుతుంది అన్నాడు. సరే అన్నాను.

మర్నాటి ఆటకు ఆడవాళ్ల వైపు బెంచీలన్నీ ఖాళీ. గేటు మూశాక ఒకామె వచ్చింది. మేనేజరు భార్య. రోజూ ఆయనకు అన్నం డబ్బా తెచ్చి, అట్లే కూర్చుని ఆట చూసిపోయేది.

“గేటు తియ్యి.”

“ఆట షురువైందక్కా. తియ్యరాదు.”

“నేనెవరో ఎర్కనా?”

“ఎర్కలేకేం? సాబ్ ఇంటామెవు. ఎవలొచ్చినా తియ్యొద్దని సాబే హుకుమిచ్చిండు.”

“పాట ఇనవడక పొయ్యి ఆలస్యంగ ముట్టిచ్చిన. నా తప్పా?”

“ఆ ముచ్చట సాబ్‌తోనే మాట్లాడుకో అక్కా.”

ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, డబ్బాతో సహా ఇంటికి మళ్లింది. రేపు నాకు గేటుండదనుకున్నాను.

ఆ నౌకరిలో నేను నేర్చింది ఇంతే: పెద్దవాళ్ల హుకుముకు ఎదురుచెప్పి లాభం లేదు. పొల్లుపోకుండా పాటిస్తే, అది వాళ్ల ఇంటిదాకా పోయి మాట్లాడుతుంది.

మర్నాడు పొద్దున పోయేసరికి ఆపరేటరు నిచ్చెన మీద ఉన్నాడు. లౌడ్‌స్పీకరు మూతి బయటికి తిరిగింది. మేనేజరు కింద నిలబడి, “బజారు దిక్కు కాదుర బై! జర ఇటు… ఇంక జర… ఆ, మా గల్లీకి!” అంటున్నాడు. నన్ను చూసి, గేటు ముందర ఇంకా ఊడ్వలేదేమని కసిరాడు. చీపురు తీసుకున్నాను.