తారు లేని దారి

కిందటి చలికాలం పెదబయలు అవతల కారడవిలో, కంకర దారి మీద సైకిలు తొక్కాను. నాది విశాఖలో బ్యాంకు ఉద్యోగం. ట్రాఫిక్ లేని దారంటే ప్రాణం. నెత్తిన హెల్మెట్టు, హ్యాండిలుకి మీటరు, అడుగడుగునా దారికి ఫొటోలు. ఓ గూడెంలో జనం నన్ను చూసి పరుగున కుర్చీ తెచ్చి, రాగి అంబలి ఇచ్చారు. మురిసిపోయి చెంబెడూ తాగేశాను.

“తారెప్పుడేత్తారు ఇంజినీరు బాబూ?” అంది ఒక ముసలమ్మ.

“నేను ఇంజినీర్ని కాదమ్మా. తారు లేదనే సరదాగా తొక్కుతున్నాను,” అని నవ్వాను. ఎవరూ నవ్వలేదు.

“మా కోడల్ని పురిటికి ఈ దారమ్మటే డోలీలో మోసుకెల్లాం. దార్లోనే పోనాది. నీకు సరదాగున్నాదేటి బాబూ?”

తలొంచుకుని కొండ దిగాను. సిగ్నల్ అందగానే ఫోను మోగింది. ‘ఈ దారి ఎప్పటికీ ఇలాగే ఉండాలి’ అని పొద్దున పెట్టిన ఫొటోకి లైకులే లైకులు.

ఆ అంబలి నాకింకా అరగలేదు.